రోజూ 130 కి.మీ. ప్రయాణం: లక్షన్నర తిరిగిన డీజిల్ కారు తీసుకోవచ్చా?

పాలమూరు_రోడ్డు:

నమస్తే అందరికీ. ఇల్లు జడ్చర్ల, ఉద్యోగం శంషాబాద్ దగ్గర. రానూపోనూ దాదాపు 130 కి.మీ. ఎక్కువ భాగం 44వ నంబర్ హైవే మీదే, సిటీ ట్రాఫిక్ తక్కువ. నెలకు 25 రోజులు తిరగాలి. షిఫ్టు టైమింగులకు బస్సు కుదరదు. బడ్జెట్ రిపేర్లతో కలిపి 5 లక్షలు, లోను వద్దనుకుంటున్నాను. ఇప్పటిదాకా వడపోసి నాలుగు బండ్లు పక్కన పెట్టాను:

1. 2017 డిజైర్ జెడ్‌డీఐ, 1.42 లక్షల కి.మీ., సింగిల్ ఓనర్, షోరూం బిల్లులు ఉన్నాయి. 4.6 లక్షలు అడుగుతున్నాడు.
2. 2018 ఎలీట్ ఐ20 డీజిల్, మీటర్‌లో 68 వేలు. డీలర్ దగ్గర ఉంది, బిల్లులు లేవు. 4.9 లక్షలు.
3. 2016 ఎటియాస్ డీజిల్, 2.3 లక్షల కి.మీ., ఎల్లో బోర్డు. 3 లక్షలకు ఇస్తానంటున్నాడు.
4. 2017 వెంటో టీడీఐ ఆటోమేటిక్, ఢిల్లీ రిజిస్ట్రేషన్, 95 వేల కి.మీ. 3.3 లక్షలు.

ఇంట్లోవాళ్లు ఐ20 అంటున్నారు, తక్కువ తిరిగింది కదా అని. డిజైర్ రీడింగ్ చూస్తే నాకు భయంగానే ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

ఇంజిన్_బే:

ముందు లెక్క చూద్దాం. మీరు చెప్పిన ప్రకారం ఏడాదికి 39 వేల కి.మీ. ఈ సైజు డీజిల్ హైవే మీద లీటరుకు 21 ఇస్తుందనుకోండి, పెట్రోల్ 17. లీటరు డీజిల్ 95, పెట్రోల్ 107 అనుకుని లెక్క వేస్తే డీజిల్‌కు ఏడాదికి 1.76 లక్షలు, పెట్రోల్‌కు 2.45 లక్షలు. మిగిలేది 70 వేల దగ్గర. అందులో 15, 20 వేలు డీజిల్ మెయింటెనెన్స్‌కే పోతాయి. అయినా ఇంత తిరిగే మనిషికి డీజిల్ సరైనదే. రోజుకు 40 కి.మీ. తిరిగేవాళ్లు అడిగితే వద్దనే చెప్తాను.

ఇక బండ్లు. వెంటోను ఇప్పుడే లిస్టులోంచి కొట్టేయండి. ఇంజిన్ బాగుంటుంది, దానికి వంక పెట్టను. కానీ ఆ 7 గేర్ల డీఎస్‌జీ డ్రై క్లచ్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో గేర్లు మార్చే మెకట్రానిక్ యూనిట్ పోతే మీ బడ్జెట్‌లో పెద్ద ముక్క ఒక్కసారే పోతుంది. అది చేయగలిగిన మెకానిక్ జడ్చర్లలో దొరకడం కష్టం. పైగా టైమింగ్ బెల్టు ఇంజిన్, అంటే వాల్వులను సమయానికి తెరిపించే పని రబ్బరు బెల్టుది. బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క వేసుకుని బెల్టు, దాన్ని బిగువుగా నడిపే టెన్షనర్, ఐడ్లర్ రోలర్లు, వాటర్ పంపు నాలుగూ కలిపి వేయించాలి. బెల్టు ఒక్కటే మార్చి పాత వాటర్ పంపు వదిలేస్తే, ఆ పంపు బేరింగ్ పట్టేసిన రోజు కొత్త బెల్టు కూడా తెగుతుంది.

డిజైర్‌ది 1248 సీసీ, 75 పీఎస్ (హార్స్‌పవర్) ఇంజిన్. ఫియట్ మల్టీజెట్ డిజైన్. స్విఫ్ట్, రిట్జ్, ఇండికా విస్టా, పుంటో అన్నిట్లో ఇదే కుటుంబం. అందుకే పాలమూరులో ఏ సందులోకి వెళ్లినా ఇది విప్పడం తెలిసినవాడు ఉంటాడు, పార్టులూ దొరుకుతాయి. ఇంజిన్‌లోకి గాలి నెట్టే టర్బో ఫిక్స్‌డ్ జామెట్రీ రకం, అంటే కదిలే రెక్కలు (వేన్‌లు) ఉండవు, కాబట్టి అవి మసి పట్టి జామ్ అయ్యే గొడవ లేదు. 2000 ఆర్‌పీఎం లోపు పికప్ ఉండదు, అది జబ్బు కాదు, దాని స్వభావం. ఓవర్‌టేక్‌కు ముందు ఒక గేరు దించాలి, అంతే.

దీనికి అసలు శత్రువు పాత ఆయిల్. సంపులో (ఇంజిన్ కింది ఆయిల్ తొట్టిలో) పట్టేదే మూడు లీటర్ల పైచిలుకు. అదే ఆయిల్‌తో 15, 20 వేలు లాగితే చిక్కబడుతుంది. బెల్టు బదులు దీనికుండే టైమింగ్ చైన్‌ను బిగువుగా పట్టే టెన్షనర్ పనిచేసేది ఆయిల్ ప్రెజర్ మీదే, కాబట్టి చైన్ వదులవుతుంది. చైన్‌కు జీవితకాలం గ్యారంటీ అనే మాట నమ్మొద్దు. పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు గొలుసు ఊగినట్టు చప్పుడొస్తే చైన్ కిట్ వేయాల్సిందే. చైన్ జారి గేరు పళ్లు దాటితే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి, రాకర్ ఆర్మ్‌లు విరుగుతాయి.

కాబట్టి డిజైర్ బిల్లుల్లో చూడాల్సింది మొత్తం ఎంత ఖర్చు పెట్టాడన్నది కాదు. ఆయిల్ మార్చిన తేదీలు, అప్పటి రీడింగులు ఒక కాగితం మీద వరసగా రాయండి. 1.42 లక్షలకు 13, 14 ఆయిల్ ఛేంజీలు కనిపిస్తే బండి బాగా చూసుకున్నట్టే. ఎనిమిదే ఉన్నాయంటే రేటు ఎంత తగ్గించినా నేనైతే వద్దంటాను.

మీటర్_గుట్టు:

ఐ20 సంగతి నేను చెప్తాను. ఆ 1.4 సీఆర్‌డీఐ ఇంజిన్ గట్టిది. చైన్ ఇంజిన్, 90 పీఎస్, 6 గేర్లు, హైవేకి డిజైర్ కంటే హాయిగా ఉంటుంది. సమస్య ఇంజిన్ కాదు, ఆ 68 వేలు. డీజిల్ కారు కొన్నవాడు ఇన్నేళ్లలో 68 వేలే తిరిగాడంటే సాధ్యమే, కానీ రుజువు కావాలి. రుజువు లేని 68 వేల కంటే బిల్లులున్న 1.42 లక్షలు మేలు. ఇంట్లోవాళ్లకు ఇదే చెప్పండి.

రుజువు ఎట్లా అంటే:

రిజిస్ట్రేషన్ నంబర్, ఛాసిస్ నంబర్ తీసుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి. చివరిసారి వచ్చినప్పటి రీడింగ్ వాళ్ల సిస్టమ్‌లో ఉంటుంది. ఓనర్ ఫోన్ చేసి చెప్తే ఇంకా సులువు, కొన్నిచోట్ల ఓనర్ లేకుండా చెప్పరు. 2021లో 90 వేలు అని ఉండి ఇప్పుడు మీటర్ 68 చూపిస్తే అక్కడితో కథ అయిపోయింది. రికార్డు సగంలో ఆగిపోతే, ఆగిన చోటు నుంచి ఎన్నేళ్లు గడిచాయో చూసి ఏడాదికి 15 వేలు కలుపుకోండి.

టైరు పక్కన నాలుగంకెల తయారీ తేదీ ఉంటుంది. 2219 అంటే 2019లో 22వ వారం. 68 వేలకు బండితో వచ్చిన టైర్లు ఒకసారి మారి ఉండొచ్చు. ఇప్పుడున్నవి రెండో సెట్టా, మూడో సెట్టా అన్నది తేదీలతో కొంత తేలుతుంది. స్టెప్నీ టైరు తేదీ కూడా చూడండి, దాన్ని ఎవడూ మార్చడు, బండి వయసు అదే చెప్తుంది. అద్దాల మూలల్లోనూ తయారీ గుర్తులుంటాయి. ఒక్క అద్దమే వేరే సంవత్సరం అయితే ఆ పక్క దెబ్బ తగిలిందేమో అడగండి.

క్లచ్, బ్రేక్ పెడల్ రబ్బర్లు, స్టీరింగ్ మీద బొటనవేళ్లు ఆనే చోటు, డ్రైవర్ సీటు కుడి అంచు ఫోమ్. 68 వేలకు ఇవి అరిగిపోవు. పెడల్ రబ్బర్లు కొత్తగా మెరుస్తూ సీటు అంచు నలిగి ఉందంటే రబ్బర్లు ఎందుకు మార్చారో ఊహించుకోవచ్చు. సీటు కవర్ వేసి ఉంటే ఎత్తి చూడండి.

కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టించండి. వెయ్యి రూపాయల బ్లూటూత్ ఓబీడీ ముక్క ఇంజిన్ కోడ్‌ల వరకు చాలు గానీ, లోపలి మాడ్యూళ్లలో దాగిన కిలోమీటర్లు చదవాలంటే మల్టీబ్రాండ్ గ్యారేజీల్లో ఉండే పెద్ద స్కానర్ కావాలి. ఇంకో చిట్కా, సపోర్ట్ చేసే బండ్లలో ‘కోడ్‌లు చెరిపాక తిరిగిన దూరం’ అని ఒక అంకె వస్తుంది. అది 3 కి.మీ.నో 10 కి.మీ.నో చూపిస్తే మీరు వచ్చే ముందే ఎవరో చెక్ ఇంజిన్ లైటు ఆర్పారన్నమాట. అప్పుడు కనీసం 40, 50 కి.మీ. నడిపి మళ్లీ స్కాన్ చేయాలి. డీలర్ ఒప్పుకోడు. ఒప్పుకోకపోవడం కూడా ఒక జవాబే.

ఆర్‌సీ_కాగితం:

ఎటియాస్, వెంటో రెండింటికీ కాగితాల పని ఉంది.

ఎల్లో బోర్డు కారును సొంతానికి వాడాలంటే ముందు పర్మిట్ సరెండర్ చేయాలి, పెండింగ్ ట్యాక్సులు కట్టాలి, తర్వాత ఆర్టీఏలో ట్రాన్స్‌పోర్ట్ నుంచి నాన్ ట్రాన్స్‌పోర్ట్‌కు మార్పించి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఈ పని అమ్మేవాడి పేరు మీద, అమ్మేవాడి ఖర్చుతో పూర్తయ్యాకే డబ్బు మొత్తం ఇవ్వండి. మీరే చేయించుకోండి, 20 వేలు తగ్గిస్తాను అంటే ఒప్పుకోకండి. స్పీడ్ గవర్నర్ ఉంటే 80 దాటదు, మార్పు అయ్యాకే తీయించాలి. ఇంజిన్ మాటకొస్తే ఆ 1364 సీసీ టొయోటా డీజిల్ సరిగ్గా సర్వీస్ చేస్తే ట్యాక్సీల్లో చాలా దూరం లాగుతుంది, 2.3 లక్షలకే భయపడక్కర్లేదు. కానీ 68 పీఎస్, శబ్దం ఎక్కువ. ట్యాక్సీకి సస్పెన్షన్, సీట్లు, డోర్ లాక్‌లు అన్నీ పోయి ఉంటాయి.

ఢిల్లీ బండ్లు ఎందుకు చవకో తెలుసు కదా. పదేళ్లు దాటిన డీజిల్ అక్కడ తిరగకూడదని 2015లో ఎన్జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్), 2018లో సుప్రీంకోర్టు చెప్పాక, ఎనిమిది తొమ్మిదేళ్ల డీజిళ్లు దక్షిణాదికి బారులు కట్టాయి. తీసుకోవడం తప్పు కాదు. అయితే అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్ఓసీ, ఫైనాన్స్ ఉంటే అది తీరిందని బ్యాంకు ఎన్ఓసీతో ఫారం 35, ఇక్కడ వయసును బట్టి మళ్లీ లైఫ్ ట్యాక్స్, కొత్త నంబరు. ఈ ఖర్చంతా కలిపితే 3.3 లక్షల బండి 3.3 లక్షల దగ్గర ఆగదు. అక్కడ కట్టిన ట్యాక్స్‌లో మిగిలిన భాగం వాపసు అడగొచ్చు, తెచ్చుకోవడానికి ఓపిక ఉండాలి.

లోకల్ బండికి పేరు మార్పుకు ఫారం 29, 30. అమ్మినవాడు 14 రోజుల్లో తెలియజేయాలి, కొన్నవాడు 30 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. కొనే ముందు రోజు ఈ-చలాన్ సైట్‌లో నంబర్ కొట్టి చూడండి. ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లో మీ పేరుకు మార్పించాలి. థర్డ్ పార్టీ కవర్ బండితో పాటే వస్తుంది, సొంత డ్యామేజీ క్లెయిమ్ మాత్రం పేరు మార్చకపోతే చిక్కే. నో క్లెయిమ్ బోనస్ పాత ఓనర్‌ది, బండిది కాదు, అందుకని ప్రీమియం కొంచెం పెరుగుతుంది. అది ముందే లెక్కలో వేసుకోండి.

టోల్ కూడా ఉంది కదా మీకు, షాద్‌నగర్ దగ్గర రాయికల్. 2025 ఆగస్టు 15న మొదలైన ఫాస్టాగ్ ఏడాది పాస్ అప్పుడు 3,000 రూపాయలు, 200 దాటింపులు. మీరు నెలకు 50 సార్లు దాటితే అది నాలుగు నెలలే వస్తుంది, ఏడాదికి మూడు పాస్‌లు. ఆ పాస్ వైట్ బోర్డుకే ఇస్తారు, ఎటియాస్ తీసుకుంటే బోర్డు మారేదాకా దొరకదు.

సీఎన్‌జీ_చాలు:

అందరూ డీజిల్ అంటున్నారు గానీ, మాన్యువల్ సీఎన్‌జీ వ్యాగన్ఆర్ లాంటిది చూడరా? డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల బాధ, టర్బో బాధ ఉండవు.

ఇంజిన్_బే:

@సీఎన్‌జీ_చాలు, మంచి ప్రశ్నే. ఫ్యాక్టరీ సీఎన్‌జీ అయితే కాదనను. కానీ వ్యాగన్ఆర్‌లో ఒక ఫిల్లింగ్ హైవే మీద 200 కి.మీ. పైచిలుకు వస్తుంది, అంటే రోజూ కాకపోతే రోజు విడిచి రోజు బంకు క్యూలో నిలబడాలి. షిఫ్టు మనిషికి అది నచ్చదు. సిలిండర్‌కు మూడేళ్లకోసారి హైడ్రో టెస్టు సర్టిఫికెట్ కావాలి, డిక్కీ పోతుంది. బయట కిట్ బిగించిన పాత పెట్రోల్ బండి మాత్రం వద్దు.

ఇంకొకరు బీఎస్6 (కొత్త పొగ ప్రమాణాల) డీజిల్ ఎందుకు చెప్పలేదని అడగకముందే చెప్తాను. 2020 ఏప్రిల్ తర్వాతి డీజిళ్లలో డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. మీ ప్రయాణం దానికి అనువైనదే, ఎందుకంటే ఫిల్టర్‌లో చేరిన మసి కాలాలంటే లోపల 550, 600 డిగ్రీల వేడి కావాలి, హైవే మీద నిలకడగా పదిహేను ఇరవై నిమిషాలు పోతే ఆ పని దానంతటదే అవుతుంది. కానీ మసి కాలుతుంది, బూడిద కాలదు. ఎక్కువ తిరిగిన బండిలో ఆ బూడిద నిండి ఫిల్టర్ తీసి శుభ్రం చేయాలి లేదా మార్చాలి. పాత ఓనర్ సిటీలోనే తిప్పినవాడైతే ఆ మసి కాల్చే పని (రీజెనరేషన్) సగంలో ఆగి ఆగి డీజిల్ ఆయిల్‌లో కలుస్తుంది, డిప్‌స్టిక్ మీద ఆయిల్ పై గీతను దాటి కనిపిస్తుంది. అలాంటి బండి అస్సలు వద్దు. ఏదేమైనా 5 లక్షల్లో మంచి బీఎస్6 డీజిల్ దొరకడం కష్టం.

పాలమూరు_రోడ్డు:

అందరికీ థ్యాంక్స్. వెంటో, ఎటియాస్ వదిలేశాను. ఐ20 డీలర్ సర్వీస్ రికార్డు చూపించలేనన్నాడు, అదీ పోయింది. డిజైర్ బిల్లుల్లో 13 ఆయిల్ ఛేంజీలు ఉన్నాయి, 1.1 లక్షల కి.మీ. దగ్గర క్లచ్ కూడా మార్చారు. ఆదివారం పొద్దున చూడటానికి వెళ్తున్నాను. చైన్ సంగతి తెలిసింది, ఇంకేం చూడాలి? ఫోన్‌లో ఓనర్ చెప్పిందేమంటే పొద్దున కొంచెం తెల్ల పొగ వస్తుందట, టర్బో సన్నగా ఈల వేస్తుందట. భయపడాలా?

ఇంజిన్_బే:

ముందే చెప్పాడంటే నిజాయితీ ఉన్న మనిషే. మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని చెప్పండి, వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి. చల్లటి స్టార్ట్ చూడని డీజిల్ కొనకూడదు.

స్టార్ట్ చేసే ముందే రెండు పనులు. డిప్‌స్టిక్ తీసి లెవెల్ చూడండి. నల్లగా ఉండటం మామూలే, డీజిల్‌లో వారానికే నల్లబడుతుంది. వేళ్ల మధ్య రుద్దితే గరుకు తగలకూడదు. చల్లగా ఉన్నప్పుడే కూలెంట్ మూత తీసి నూనె తెట్టు ఉందేమో చూడండి. మామూలు నీళ్లు పోసి ఉంటే తుప్పు రంగు కనిపిస్తుంది, అప్పుడు రేడియేటర్, వాటర్ పంపు ఖర్చు లెక్కలో పెట్టుకోవాలి.

ఇప్పుడు స్టార్ట్. సెకను, సెకనున్నరలో పట్టాలి. నాలుగైదు సెకన్లు తిరిగి తిరిగి పట్టిందంటే రైలు ప్రెజర్ (ఇంజెక్టర్లకు డీజిల్ పంపే కామన్ రైల్ గొట్టంలోని ఒత్తిడి) ఆలస్యంగా లేస్తోంది. ఇంజెక్టర్ల రిటర్న్ లీకు (డీజిల్ ఎక్కువగా వెనక్కి పోవడం), పంపు అరుగుదల, డీజిల్ ఫిల్టర్ దగ్గర గాలి పీల్చడం, ఈ మూడిట్లో ఏదో ఒకటి. తేల్చుకోవాలంటే నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులకు నాలుగు చిన్న సీసాలు తగిలించి కొన్ని నిమిషాలు ఐడిల్‌లో ఉంచితే చాలు. నాలుగూ సమానంగా నిండాలి. ఒక సీసాలో మిగతావాటికి రెట్టింపు వస్తే ఆ ఇంజెక్టర్ పోయినట్టే. స్కానర్ ఉంటే కావాల్సిన రైలు ప్రెజర్, వాస్తవ ప్రెజర్ పక్కపక్కన పెట్టి చూడమనండి. ఐడిల్‌లో చాలా బండ్లకు 250, 350 బార్ మధ్య ఉంటుంది. అంకె కంటే ముఖ్యం, రెండూ కలిసి కదులుతున్నాయా లేదా అన్నది.

తెల్ల పొగ: నిమిషంలో మాయమై వాసన లేకపోతే అది ఆవిరి, పట్టించుకోకండి. కళ్లు మండే పచ్చి డీజిల్ వాసన వచ్చి, ఇంజిన్ వణికితే ఏదో ఒక సిలిండర్‌లో ఇంధనం సరిగ్గా కాలట్లేదు. మన వాతావరణంలో చల్లటి సిలిండర్‌ను వేడిచేసే గ్లో ప్లగ్ ఒకటి పోయినా అంత తెలియదు, కాబట్టి ఇంజెక్టర్‌నో కంప్రెషన్‌నో అనుమానించాలి. తియ్యటి వాసనతో పొగ ఆగకుండా వస్తే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కు, హెడ్‌కు మధ్య సీలు) పోయినట్టు. అది తేల్చడానికి స్టార్ట్ చేసిన రెండు మూడు నిమిషాల్లో, ఇంజిన్ వేడెక్కకముందే, రేడియేటర్ పై పైపు నొక్కండి. అప్పుడే రాయిలా గట్టిపడితే సిలిండర్ గ్యాస్ కూలెంట్‌లోకి పోతోంది. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది.

టర్బో ఈల సన్నగా, యాక్సిలరేటర్‌తో పాటు పెరిగి తగ్గితే మామూలే. అంబులెన్స్ సైరన్‌లా మోత పెడితే బేరింగ్ అరిగింది. ‘సుయ్’మని గాలి పోయినట్టుంటే ఇంటర్‌కూలర్ పైపు క్లాంపు వదులో, పైపు చీలికో, చిన్న ఖర్చు. మెకానిక్‌ను తీసుకెళ్తే ఇంజిన్ ఆపాక ఎయిర్ ఫిల్టర్ పైపు విప్పించి టర్బో షాఫ్ట్ వేలితో కదిపించండి. పక్కలకు వెంట్రుకవాసి ఆడటం సహజం. ముందుకూ వెనక్కూ ఆడకూడదు, రెక్కలు గోడకు రాసుకున్న గీతలు ఉండకూడదు. పైపులో నూనె పొర ఉంటే పర్లేదు, చెంచాతో తీసేంత మడుగు ఉంటే వద్దు.

ఇంజిన్ వేడెక్కాక ఐడిల్‌లో ఆయిల్ మూత విప్పి తిరగేసి రంధ్రం మీద ఊరికే పెట్టండి. కొద్దిగా అదిరితే చాలు. ఎగిరి పడి పొగ గుప్పుగుప్పుమని వస్తే పిస్టన్ రింగులు పోయాయి, ఇంజిన్ విప్పి బోర్ పని చేయించాలన్నమాట. ఇంజెక్టర్ల మొదట్లో నల్లటి తారులాంటి మసి గడ్డకట్టిందేమో టార్చ్ వేసి చూడండి, ‘చఫ్ చఫ్’ చప్పుడు వినండి. అది కింది రాగి వాషర్ లీకు. వాషర్ ఖరీదు వందల్లోనే. కానీ ఏళ్ల తరబడి వదిలేస్తే ఆ మసి ఇంజెక్టర్‌ను హెడ్‌లో బిగించేస్తుంది, ఊడదీయడానికే వేలు పోతాయి. ఇంజిన్ బే అద్దంలా కడిగి పెట్టి ఉంటే లీకులు కనబడవు, అందుకని 20 కి.మీ. నడిపాక మళ్లీ బానెట్ ఎత్తాలి.

నడిపేటప్పుడు నాలుగో గేర్‌లో 50 దగ్గర పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం లేచి స్పీడు లేవకపోతే క్లచ్ జారుతోంది. మార్చాక 32 వేల కి.మీ.కే మళ్లీ జారితే ఆ కొత్త క్లచ్ ఏ రకందో అడగండి. వెనక అద్దంలో నల్ల పొగ ఎంత వస్తుందో గమనించండి. గట్టిగా తొక్కినప్పుడు కాస్త వస్తుంది, నిలకడగా పోయేటప్పుడు రాకూడదు. 90, 100లో స్టీరింగ్ వణికితే వీల్ బ్యాలెన్సింగ్, బ్రేక్ వేసినప్పుడు మాత్రమే వణికితే డిస్క్. స్పీడ్ బ్రేకర్ల మీద ‘టక్ టక్’ అంటే లోయర్ ఆర్మ్ బుష్‌లు, లింక్ రాడ్‌లు. వాటికి బండి మానుకోకండి, బేరం ఆడండి.

అన్నీ బాగుంటే 4.2 దగ్గర మొదలుపెట్టి 4.35లో ఆగండి. 60 వేలు చేతిలో ఉంచుకోవాల్సిందే, ఇంజెక్టర్లకో టర్బోకో ఎప్పుడైనా కావాలి.

పాలమూరు_రోడ్డు:

కొన్నాక వెంటనే ఏమేం మార్పించాలి?

ఇంజిన్_బే:

బిల్లు నిన్నటిదైనా సరే, ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్ మార్చి అక్కడి నుంచి మీ లెక్క మొదలుపెట్టండి. ఆయిల్ 5డబ్ల్యూ-30, మాన్యువల్‌లో చెప్పిన గ్రేడ్. పాత డీజిల్ ఫిల్టర్ పారేయకుండా కోసి చూడమనండి. లోపల మెరిసే లోహపు రజను కనిపిస్తే హై ప్రెజర్ పంపు అరుగుతోంది. అప్పుడు ఆ రజను ఇంజెక్టర్లకు చేరకముందే పంపు చూపించాలి. కూలెంట్ మొత్తం, బ్రేక్ ఆయిల్, గేర్ ఆయిల్ కూడా. ఆల్టర్నేటర్ బెల్టు మీద పగుళ్లుంటే టెన్షనర్‌తో సహా. ఐదారేళ్లు దాటిన టైర్లు గ్రిప్పున్నా హైవేకి వద్దు. దానికి 185/65 ఆర్15.

తర్వాత మీకు 10 వేల కి.మీ. మూడు నెలల చిల్లరలోనే అయిపోతాయి, అంటే ఏడాదికి నాలుగు ఆయిల్ ఛేంజీలు. డీజిల్ ఫిల్టర్ 20 వేలకోసారి, మధ్యలో ఫిల్టర్‌లో నీళ్లు చేరాయని చెప్పే లైటు వెలిగితే ఆ రోజే కింది డ్రెయిన్ వదలండి. ఇంటికి చేరాక ఇంజిన్‌ను వెంటనే ఆపకుండా ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచండి. సంపులో ఆయిల్ లెవెల్ ప్రతి వెయ్యి కిలోమీటర్లకు ఒకసారి, చదునైన చోట, పొద్దున స్టార్ట్ చేయకముందు చూసుకోండి. వెయ్యికి 100 మి.లీ. లోపు తగ్గితే ఈ వయసు ఇంజిన్‌కు పర్లేదు, అర లీటరు తగ్గితే టర్బో సీలు ముందు చూపించండి.